పరాయి ఇంట మొదటి ముద్ద

ఉప్పల్, నాచారం, మల్కాజిగిరి వీధులలో కొడుకో కూతురో విదేశంలో చదువుకొంటున్న ఇల్లు ఈనాడు అరుదు కాదు. అట్టి ఇంటిలో తెల్లవారకముందే దీపం వెలుగుతుంది. అమెరికాలో అది సాయంకాలం. బిడ్డ గదికి చేరుకొని టెలిఫోనులో పలకరించే వేళ. తండ్రి కళాశాల గురించి, ఫీజు గురించి అడుగుతాడు. తల్లి మాత్రం అన్నిటికంటె ముందు ఒక్క ప్రశ్న వేస్తుంది: "ఏం తిన్నావు?"

బిడ్డ చేరినది ముక్కూ మొగమూ ఎరుగని వారి ఇంట అయితే, ఆ ప్రశ్నలో మరి నాలుగు ప్రశ్నలు ఇమిడి ఉంటవి. వడ్డించినవారు ఎటువంటివారు? చాలకపోతే అడిగినావా? అడిగితే ఏమనుకొన్నారు? అడగడానికి సిగ్గుపడి ఆకలితో పడుకొన్నావా? ఇవి చిన్న విషయాలుగా తోచవచ్చును. కాని చదువుకోసం ఇల్లు విడిచిన ప్రతివాడికి మొదటి పరీక్ష ఇదే. విద్యాచరిత్రలో విశ్వవిద్యాలయాల పేర్లు వ్రాస్తారు, పట్టాల పేర్లు వ్రాస్తారు. ఆ విద్యార్థికి మొదటి వారం అన్నం పెట్టినది ఎవరో సాధారణంగా వ్రాయరు. ఆ వ్రాయని భాగాన్ని కొంత జ్ఞాపకం చేసుకొందాము.

పరాయి ఇంట ఉండి చదువుకోవడం తెలుగువారికి కొత్త కాదు. గురువుగారి ఇంట ఉండి, ఆయన పశువులను మేపి, కట్టెలు తెచ్చి చదువుకొన్న కథలు పురాణకాలం నాటివి. అంత దూరం పోనక్కరలేదు. మన తాతల కాలంలో "వారాలు చేసుకొని" చదువుకోవడం అనే ఏర్పాటు ఒకటి ఉండేది. పల్లెటూరినుంచి పట్టణానికి చదువుకు వచ్చిన పేద పిల్లవాడు ఏడు ఇళ్లు చూచుకొనేవాడు. సోమవారం ఒక ఇంట, మంగళవారం ఒక ఇంట, ఈ విధంగా ఏడు దినాలకు ఏడు గడపలు. ఆ ఏడు ఇళ్ల ఇల్లాండ్రు కలిసి ఒక విద్యార్థిని పైకి తెచ్చేవారు. అందులో ఎవరికీ భారం లేదు. వారానికి ఒక విస్తరి ఎక్కువ.

వారాల పిల్లవాని కష్టం మాత్రం తక్కువది కాదు. ఏ ఇంట ఎంతసేపు కూర్చోవలెనో, ఎక్కడ కూర్చోవలెనో, రెండవసారి పెరుగు అడగవచ్చునో లేదో, అన్నీ వాడు మొదటి వారంలోనే గ్రహించవలెను. ఒక ఇంట ఆప్యాయంగా వడ్డించేవారు, ఒక ఇంట గిన్నె చప్పుడుతో వడ్డించేవారు. ఏ వారం ఖాళీ పడినదో ఆ దినం ఉపవాసమే. ఇంకొక సంగతి దాచరాదు. ఆ ఏడు గడపలూ అందరికీ తెరచి ఉండేవి కావు. వారాలు చాలమట్టుకు బ్రాహ్మణ బాలురకు, బ్రాహ్మణ గృహాలలో దొరికేవి. కులం తెలుసుకొన్న తరువాతనే విస్తరి వేసేవారు. ఎందరినో చదివించిన ఈ సదాచారం ఎందరినో బయటనే నిలిపినదన్నమాట కూడ నిజమే.

టంగుటూరి ప్రకాశం పంతులుగారి బాల్యంలో ఈ అన్నం సంగతి మరొక రూపంలో కనబడుతుంది. ఆయన 1872లో ఇప్పటి ప్రకాశం జిల్లాలో జన్మించినారు. చిన్నతనంలోనే తండ్రి గతించగా తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లలను పెంచినారు. డబ్బు తీసుకొని అన్నం పెట్టడం గౌరవంకాని పనిగా లోకం చూచిన కాలమది. ఆ పనితోనే ఆమె కొడుకును బడికి పంపినది. తరువాత ఆయన చదువును ఒక ఉపాధ్యాయుడు తన బాధ్యతగా తీసుకొన్నాడు. ఆయన పేరు ఇమ్మనేని హనుమంతరావునాయుడు. నాయుడుగారు రాజమహేంద్రవరం తరలిపోతూ శిష్యుణ్ణి వెంట తీసుకొనిపోయినారు. గురువు వేరు కులంవాడు. శిష్యుడు పేద బ్రాహ్మణ బాలుడు. ఐనను ఆ ఆశ్రయమే లేకపోతే ఒంగోలు పూటకూళ్ల ఇంటి పిల్లవాడు 1904లో బారిష్టరు చదువుకు ఇంగ్లండు వెళ్లడం ఊహకు అందని విషయం. ఆయన 1907లో తిరిగివచ్చి మద్రాసులో ప్రాక్టీసు పెట్టినారు. 1953లో ఆంధ్రరాష్ట్రానికి తొలి ముఖ్యమంత్రి అయినారు.

ప్రకాశంగారు లండను చేరేనాటికే అక్కడ భారతీయ విద్యార్థుల అవస్థ ఒక పాత కథ. అంతకు పదహారేండ్ల ముందు, 1888 శరత్కాలంలో, ఒక గుజరాతీ యువకుడు ఆ నగరంలో దిగినాడు. ఆయనకు అప్పటికి పందొమ్మిది ఏండ్లు నిండవస్తున్నవి. మాంసం ముట్టనని తల్లికి మాట ఇచ్చి వచ్చినాడు. డాక్టరు ప్రాణజీవన మెహతా అనే మిత్రుడు ఆయనకు ఒక సలహా చెప్పినాడు. ఈ దేశానికి వచ్చుట చదువుకంటె ఎక్కువగా ఇక్కడివారి జీవితాన్ని, మర్యాదలను తెలుసుకొనడానికి; కనుక ఒక కుటుంబంలో ఉండవలెను, అని ఆ సలహా సారాంశం. ఆ ప్రకారం యువకుడు పశ్చిమ కెన్సింగ్టనులో ఒక వితంతువు ఇంట చేరినాడు.

ఆ యువకుడు మోహనదాసు గాంధీ అని చెప్పనక్కరలేదు. ఆ దినాలను ఆయన తమ ఆత్మకథలో దాపరికం లేకుండ చెప్పుకొన్నారు. ఉప్పు, మసాలా లేని ఉడికిన కూరలు నోటికి పోయేవి కావు. రాత్రులు ఇల్లు తలచుకొని, అమ్మను తలచుకొని కన్నీరు పెట్టుకొనేవారు. ఇంటివారు చెడ్డవారు కారు. గృహిణికి ఇద్దరు కుమార్తెలు. వారు రొట్టెముక్క ఒకటి రెండు ఎక్కువ వేసుకోమని అడిగేవారు. ఆయనకు కావలసినది ఒకటి రెండు కాదు, రొట్టె అంతా! ఐనా సిగ్గుచేత వద్దనేవారు.

ఈ చిన్న సంఘటనలో ఒక పెద్ద విషయమున్నది. అడగమన్నవారు ఉన్నారు, అడగవలసినవాడూ ఉన్నాడు, పళ్లెంలో రొట్టె కూడ ఉన్నది. ఐనను ఆకలి తీరలేదు. మన ఇండ్లలో "మొగమాటం" అనే మాట ఎంత మామూలో అంత బలమైనది. అతిథి "చాలు" అంటే చాలలేదని గ్రహించి వడ్డించడం మన గృహిణులకు అలవాటు. ఇంగ్లీషువారి దేశంలో "చాలు" అంటే చాలుననే అర్థం. అక్కడి గృహిణి తప్పు లేదు, ఇక్కడి యువకుని తప్పు లేదు. రెండు మర్యాదల నడుమ ఒక మనిషి పస్తు ఉన్నాడు. కొంతకాలానికి ఫారింగ్డను వీధిలో శాకాహార భోజనశాల ఒకటి కనబడేవరకు ఆ పస్తు తీరలేదు.

విద్యార్థులు ఇట్లు ఒంటరిగా అవస్థపడకుండ కుటుంబాలలో చేర్చవలెనని ఆలోచించిన సంస్థ ఒకటి అప్పటికే ఇంగ్లండులో ఉన్నది. దాని మూలం బ్రిస్టలు నగరంలో కనబడుతుంది. రాజా రామమోహనరాయలవారు 1833లో ఆ నగరంలో అతిథిగా ఉండగా కాలధర్మం చెందినారు. యౌవనంలో ఆయనను చూచిన మేరీ కార్పెంటరు అనే విదుషి తరువాత పలుమారులు భారతదేశం వచ్చి, 1870లో బ్రిస్టలులో నేషనల్ ఇండియన్ అసోసియేషన్ అనే సంఘాన్ని స్థాపించినది. 1877 మొదలు 1905లో మరణించేవరకు ఆ సంఘానికి కార్యదర్శిగా పనిచేసినది ఎలిజబెత్ అడిలెయిడ్ మానింగు. చదువుకు వచ్చిన భారతీయులకు సమాచారం ఇవ్వడం, వారిని మంచి కుటుంబాలకు పరిచయం చేయడం, తన ఇంట విందులకు పిలవడం ఆమె నిత్యకృత్యం. న్యాయశాస్త్రం చదివిన కొర్నీలియా సొరాబ్జీకి కూడ 1889లో ఆమె ఆదరణ లభించినది.

ఆ మానింగుగారి సంరక్షణలోనికి 1895లో మన హైదరాబాదునుంచి ఒక పదహారేండ్ల బాలిక చేరినది. ఆమె సరోజినీ ఛటోపాధ్యాయ. తండ్రి అఘోరనాథ ఛటోపాధ్యాయులవారు ఎడింబరోలో శాస్త్రవిద్య అభ్యసించి, హైదరాబాదులో ఇంగ్లీషు విద్యకు పునాది వేసినవారు; వారి పాఠశాలయే పెరిగి నిజాం కళాశాలకు మూలమైనది. తండ్రి ఒకప్పుడు ఒంటరిగా దాటిన సముద్రాన్ని కూతురు నిజాం ప్రభుత్వపు విద్యార్థివేతనంతో దాటినది. ఆమె మొదట లండను కింగ్సు కళాశాలలోను, తరువాత కేంబ్రిడ్జిలోని గర్టను కళాశాలలోను చదివినది. మానింగుగారు స్వయంగా ఆ గర్టను కళాశాల తొలి విద్యార్థినులలో ఒకరు. తాను నడచిన త్రోవలోనే పరదేశపు బాలికను చేయిపట్టి నడిపించినదన్నమాట.

ఆ ఇంటికి సాహిత్యవేత్తలు వచ్చేవారు. ఎడ్మండు గాస్ అనే విమర్శకునితో సరోజినికి పరిచయం కలిగినది ఆ లండను రోజులలోనే. ఆమె చూపిన పద్యాలు ఇంగ్లీషు పక్షులతో, ఇంగ్లీషు పూవులతో నిండి ఉన్నవి. గాస్ వాటిని చదివి, ఇంగ్లీషు కవులను అనుకరించవద్దనీ, తన దేశపు కొండలను, తోటలను, మనుష్యులను గురించి వ్రాయమనీ హితవు చెప్పినాడు. ఈ సంగతి ఆయనే 1912లో ఆమె కవితాసంపుటానికి వ్రాసిన పీఠికలో చెప్పినాడు. గమనింపదగిన విషయం ఇది. పరాయి దేశంలో మంచి ఆతిథ్యం ఆ బాలికను ఇంగ్లీషు పిల్లగా మార్చలేదు. నీ ఇల్లు నీకున్నదని జ్ఞాపకం చేసినది. ఆమె 1898లో తిరిగివచ్చి ఆ ఏడే డాక్టరు ముత్యాల గోవిందరాజులునాయుడుగారిని వివాహమాడినది. 1905లో వెలువడిన ఆమె తొలి గొప్ప సంపుటం పేరు గోల్డెన్ త్రెషోల్డ్, అనగా బంగారు గడప. హైదరాబాదులో వారి ఇంటికీ అదే పేరు. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయం మొదట ఆ ఇంటనే పనిచేసినది. ఒకప్పుడు పరాయివారి గడపలో ఆశ్రయం పొందిన ఆమె గడప తరువాత ఎందరో విద్యార్థులకు ప్రవేశద్వారమైనది.

ఐతే ఆతిథ్యపు చరిత్ర ఎల్లప్పుడు ఇంత ఇంపుగా సాగలేదు. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభానికి ఇంగ్లండులో భారతీయ విద్యార్థుల సంఖ్య పెరిగినది. వారిలో స్వాతంత్ర్యకాంక్ష కూడ పెరిగినది. 1905లో శ్యామ్‌జీ కృష్ణవర్మ లండనులో ఇండియా హౌస్ అనే వసతిగృహం తెరచినాడు. మనవారి ఇంట మనవారే ఉండే ఏర్పాటు అది. ప్రభుత్వానికి అనుమానం కలిగినది. విద్యార్థుల పరిస్థితిని విచారించడానికి 1907లో సర్ విలియం లీ వార్నరు అధ్యక్షతన ఒక సంఘం నియమించినారు. దాని నివేదికను వెంటనే బయటపెట్టలేదు. 1922లో గాని అది వెలుగు చూడలేదు.

1909 జులై 1వ తేదీ రాత్రి లండనులో నేషనల్ ఇండియన్ అసోసియేషన్‌వారి విందు జరుగుచున్నది. ఇంగ్లీషువారు, భారతీయులు కలిసి కూర్చోవలెననే ఉద్దేశంతో ఏర్పాటైన విందు. ఆ చోటనే మదన్‌లాల్ ధింగ్రా అనే విద్యార్థి కర్జన్ వైలీ అనే అధికారిని కాల్చినాడు. అడ్డుపోయిన లాల్‌కాకా అనే పార్శీ వైద్యుడు కూడ ప్రాణాలు కోల్పోయినాడు. ఆగస్టు 17న ధింగ్రాను ఉరితీసినారు. అదే ఏడు విద్యార్థులకు సలహాలు చెప్పే ప్రభుత్వ కార్యాలయం ఒకటి ఏర్పడినది. 1910లో క్రామ్‌వెల్ రోడ్డులో కొత్తగా వచ్చిన విద్యార్థులకు కొద్దికాలం బస ఇచ్చే ఇల్లు తెరచినారు. పైకి అది ఆతిథ్యం. కాని చాలమంది విద్యార్థులు దానిని నిఘా గృహంగానే భావించినారు. మంచం, భోజనం, సలహా అన్నీ ఉన్నవి. నమ్మకం ఒక్కటే లేదు. నమ్మకం లేని ఇంట ఎంత రుచిగల అన్నమైనా దిగదు. బస కోసం వీధులు తిరిగిన మనవారికి శరీరపు రంగు చూచి "గది ఖాళీ లేదు" అని తలుపు మూసిన గృహిణులు కూడ ఉండినారు.

ఈ అనుభవాలనుంచి ప్రపంచం కొంత నేర్చుకొన్నది. 1932లో డొనాల్డు వాట్ అనే అమెరికను, తన దేశపు యువకులను ఐరోపాకు తీసుకొనిపోయి ఒక ప్రయోగం చేసినాడు. మొదట యువకులను శిబిరంలో కలిపి ఉంచినాడు. ఒకచోట ఉన్నంతమాత్రాన స్నేహం కలుగదని అక్కడ తేలినది. తరువాత ఒక్కొక్కరిని ఒక్కొక్క కుటుంబంలో ఇంటిబిడ్డగా ఉంచే పద్ధతి అవలంబించినాడు. అతిథిగా కాక ఇంటిబిడ్డగా అన్నదే అందులో కీలకం. ఇంటిబిడ్డకు మర్యాదలు ఉండవు, పనులు ఉంటవి. గిన్నెలు కడగవలెను, కుక్కను తిప్పవలెను, ఆలస్యమైతే చెప్పవలెను. కోరినది అడిగే హక్కు కూడ ఉంటుంది. రెండవ ప్రపంచయుద్ధం తరువాత ఈ పద్ధతి దేశదేశాలకు వ్యాపించినది. యుద్ధభూమిలో క్షతగాత్రులను మోసిన అమెరికను ఫీల్డు సర్వీసువారు యుద్ధానంతరం బండ్లు వదలి, పాఠశాల విద్యార్థులను పరదేశ కుటుంబాలలో ఉంచే పనికి పూనుకొన్నారు. వేరువేరు దేశాల పిల్లలు ఒక బల్లవద్ద తింటే రేపటి యుద్ధం కొంత దూరమవుతుందని వారి ఆశ.

ఇక మన ఊరికి వద్దాము. తెలంగాణపు పల్లెలనుంచి హైదరాబాదుకు చదువుకు వచ్చిన పిల్లలకు ఒకప్పుడు నగరమే పరదేశం. బోధనాభాష వేరు, వేషం వేరు, బస దుర్లభం. ఆ కష్టాన్ని చూచి రాజబహదూర్ వెంకటరామారెడ్డిగారు 1918లో రెడ్డి హాస్టలును స్థాపించినారు. సురవరం ప్రతాపరెడ్డిగారు కొంతకాలం దానికి కార్యదర్శిగా ఉండినారు. వారాల ఏడు గడపలు దొరకనివారికి అటువంటి వసతిగృహాలు గడపలైనవి. ఆ 1918వ సంవత్సరంలోనే ఉస్మానియా విశ్వవిద్యాలయం ఏర్పడినది. 1939లో దాని ఆర్ట్సు కళాశాల భవనం ఆరంభమైన తరువాత నగరపు తూర్పు దిక్కుకు చదువు తరలివచ్చినది. 1958లో ఇంగ్లీషు బోధనకు కేంద్రసంస్థ వచ్చినది. అదియే ఈనాటి ఇంగ్లీషు, విదేశీభాషల విశ్వవిద్యాలయం. 1961లో భూభౌతిక పరిశోధన సంస్థ ఉప్పల్ రోడ్డుమీద వెలసినది. వాని చుట్టూ తార్నాక, హబ్సిగూడ, నాచారం, ఉప్పల్ ప్రాంతాలలో ఇండ్లు పెరిగినవి. మేడమీద ఒక గది వేసి విద్యార్థులకు అద్దెకిచ్చే అలవాటు పెరిగినది.

ఆ గదులకు వచ్చేవారు ఇప్పుడు మన జిల్లాలవారు మాత్రమే కారు. ఈశాన్య రాష్ట్రాలనుంచి, ఆఫ్రికా దేశాలనుంచి, పశ్చిమాసియానుంచి కూడ విద్యార్థులు వస్తారు. పుస్తకాల సంచి భుజాన వేసుకొని, "అద్దెకు ఇవ్వబడును" అనే బల్ల చూచి గేటు తట్టుతారు. అప్పుడు మనం ఏమి అడుగుతున్నాము? ఏ కులమని అడిగే ఇండ్లు ఉన్నవి. మాంసం తింటారా అని అడిగే ఇండ్లు ఉన్నవి. శరీరపు రంగు చూచి, గది ఖాళీగా ఉండికూడ "నిన్ననే ఇచ్చివేసినాము" అనే ఇండ్లు ఉన్నవి. ఇంటి పద్ధతులు ఇంటివారికి ఉండవచ్చును. వాటిని ముందుగా, మర్యాదగా చెప్పవచ్చును. కాని అబద్ధం చెప్పి తలుపు మూయడం పద్ధతి కాదు. నూరేండ్ల క్రిందట లండను వీధిలో మనవానికి మూసిన తలుపు చప్పుడు అదే.

నాకు తెలిసిన ఒక ఇల్లు నాచారంలో ఉన్నది. ఆ ఇంటి కూతురు చదువుకు విదేశం వెళ్లి ఒక వృద్ధదంపతుల ఇంట చేరినది. మొదటి మూడు దినాలు ఆమె రొట్టె, అరటిపండుతో సరిపెట్టుకొన్నది. నాలుగవ దినాన ఆ ముసలామె ఏమనుకొన్నదో, పొయ్యి చూపించి, "నీకు కావలసినది నీవు వండి మాకు కూడ పెట్టు" అన్నది. పిల్ల చారు కాచినది. పోపు ఘాటుకు ముసలాయన దగ్గినాడు, పొగ హెచ్చరిక గంట మ్రోగినది, ముగ్గురూ నవ్వుకొన్నారు. ఆ రాత్రి పిల్ల తల్లితో చెప్పిన మాట "అన్నం తిన్నానమ్మా" అని. ఆ తల్లి కళ్లు తుడుచుకొన్నది. మరుసటి నెల తమ మేడమీది గదికి ఒక ఆఫ్రికా విద్యార్థి వచ్చి అడిగితే, ఆమె భర్త తటపటాయిస్తూ ఉండగానే ఆమె తాళంచెవి తెచ్చి ఇచ్చినది. "మన పిల్లకు ఎవరో పొయ్యి ఇచ్చినారు కదండీ" అన్నది. అంతకంటె వేదాంతం ఆమె చెప్పలేదు.

పరాయి ఇంటికి వెళ్లే బిడ్డలకు పెద్దలు చెప్పవలసిన మాట ఒకటి ఉన్నది. మొగమాటం వదలి ఆకలి చెప్పుకోండి. తిన్న గిన్నె కడగండి. వారి పద్ధతి అడిగి తెలుసుకోండి. మీ పద్ధతి దాచకండి. ఇల్లు ఇచ్చేవారికి చెప్పవలసిన మాట అంతకంటె చిన్నది. వచ్చినవానిని మార్చడానికో కనిపెట్టడానికో కాక, కడుపు నింపడానికి పిలవండి. కెన్సింగ్టను గృహిణి కూతుళ్లకు రొట్టె ఉన్నది గాని అతిథి మనస్సు తెలియలేదు. క్రామ్‌వెల్ రోడ్డు ఇంట అన్నీ ఉన్నవి గాని నమ్మకం లేదు. మానింగుగారి ఇంట ఆ రెండూ ఉన్నవి కాబట్టి ఒక బాలిక తన గొంతుతో పాడగలిగినది.

రేపు తెల్లవారకముందు మన వీధిలో ఏదో ఒక ఇంట మళ్లీ దీపం వెలుగుతుంది. "ఏం తిన్నావు?" అని ఒక తల్లి మళ్లీ అడుగుతుంది. అదే సమయానికి మన మేడమీది గదిలో ఉన్న పిల్లవానిని కూడ ఎక్కడో ఒక తల్లి, మనకు తెలియని భాషలో, అదే ప్రశ్న అడుగుతూ ఉంటుంది. వాడు చెప్పే జవాబు కొంతవరకు మన చేతిలో ఉన్నది.